కోటయ్య మేస్త్రి హాజరు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నా ఉద్యోగమే నేలకింది పైపులతో. ఇన్నేళ్లలో అక్కడ బొద్దింకలు, పందికొక్కులు తప్ప ఇంకేమీ కనపడలేదు. అందుకే విజయవాడ వన్ టౌన్‌లో జరిగిన ఈ సంగతి చెప్పాలంటే నాకే మొహమాటం.

మా పని రోడ్డు తవ్వకుండా పాత మురుగు పైపుకి లోపల కొత్త పొర వెయ్యడం. జిగురులో నానబెట్టిన పొడవాటి గుడ్డ గొట్టాన్ని మ్యాన్‌హోల్ లోంచి గాలితో లోపలికి నెడతాం. తర్వాత ఆవిరి పెడితే అది గట్టిపడి, పాత పైపులోనే కొత్త పైపు తయారవుతుంది. ఆ సమయంలో లోపల మనిషి ఉంటే ఇక అంతే సంగతులు.

అందుకని మా కోటయ్య మేస్త్రి ఒక ఆచారం పెట్టారు. గుడ్డ నెట్టేముందు పైపు మూతి దగ్గర వంగి మావాళ్లందరి పేర్లూ పిలిచేవారు. ఎవరి పేరుకి వాళ్లే పలకాలి. అటు చివరి మ్యాన్‌హోల్ దగ్గరున్నవాళ్లు గొంతు పైపులోంచే వినపడేలా పలకాలి, ఫోన్లో చెబితే చెల్లదు. చివర్లో తన పేరు తనే పిలుచుకుని, "ఉన్నానండీ, ఎక్కడికి పోతాను" అని తనే జవాబిచ్చేవారు. రోజూ అదే జోకు. రోజూ నవ్వేవాళ్లం.

కొండపల్లి నుంచి వస్తూ వాళ్లావిడ చేసిన పచ్చడి నాకోసం తెచ్చేవారు. "ఎండలో నిలబడతారు, తినకపోతే ఎట్లా అమ్మాయిగారూ" అని కేకలేసేవారు. సొంత బాబాయి కూడా నన్నంత ప్రేమగా కేకలెయ్యలేదు. ఆయనంటే నాకు ప్రాణం.

ఆయన గుండెపోటుతో పోయాక ఆ హాజరు నేనే పిలుస్తున్నాను.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. తోపుడుబళ్లు ఆగిపోయాయి, ఇంకెంతసేపని బట్టల కొట్లవాళ్లు ఒకటే గోల. మావాళ్లందరూ పలికారు. కానివ్వండి అనబోతుంటే పైపులోంచి వినపడింది.

"ఉన్నానండీ, ఎక్కడికి పోతాను."

అదే గొంతు. ఎవరో ఆటపట్టిస్తున్నారని నాకు ఒళ్లు మండింది. అటు చివరున్న రాజుకి ఫోన్ చేస్తే, "నాకూ వినపడింది మేడం, మీ వైపు నుంచే అనుకున్నా" అన్నాడు. మధ్యలో ఇంకొక్క మ్యాన్‌హోల్ ఉంది. పరుగెత్తి వెళ్లి చూశాం.

అడుగున బట్టల కొట్లో మూటలు మోసే వెంకన్న స్పృహ లేకుండా పడున్నాడు. కొట్టు తాళాలు జారిపడితే, మేం అడ్డంగా కట్టిన కర్రలు తప్పించి దిగాడట. లోపలి గాలికి కళ్లు తిరిగాయి. మాస్కు పెట్టుకుని రాజు దిగాడు, తాడుతో పైకి లాగాం. ఆస్పత్రిలో బతికి బట్టకట్టాడు.

తర్వాత వెళ్లి అడిగాను. "దిగీ దిగగానే పడిపోయానమ్మా, అరవడానిక్కూడా నోరు రాలా" అన్నాడు. కోటయ్యగారెవరో అతనికి తెలియదు.

ఎవరో గొంతు అనుకరించారనుకుందామంటే, లోపల మనిషి ఉన్నట్టు వాళ్లకెలా తెలుసు? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అలాగని ఆయన్ని దయ్యం అనడానికి మనసొప్పదు.

ఇప్పుడు హాజరు చివర్లో కోటయ్యగారి పేరు కూడా పిలుస్తాను. అందరం చెవులు రిక్కించి నిలబడతాం. ఎవరూ తొందరపెట్టరు. మిగతావాళ్లందరూ పలికితేనే పని మొదలుపెడతాం. ఆయన పలక్కపోతేనే మొదలుపెడతాం.