కుడిచెవి వాపు

ఒక పంది చెవిని పదేళ్లకు పైగా గుండెల మీద మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. ఆ తర్వాత వినండి.

ఎనభైలలో నేను రేపల్లె దగ్గర పశువుల డాక్టరును. మరియమ్మ, దేవసహాయం దంపతులు పందులను పెంచేవారు. అవి తింటూనే చిక్కిపోతుంటే, క్షయేమోనని ఒకదానికి రెండు చెవుల వెనకా పరీక్ష సూదులు వేశాను. ఎడమవైపు మనుషుల, పశువుల క్షయను పట్టిచ్చే మందు. కుడివైపు కోళ్ల క్షయను పట్టిచ్చేది. ఒంట్లో ఏ క్రిమి ఉంటే ఒళ్లు దాన్ని గుర్తుపడుతుంది. ఆ వైపే చర్మం వాస్తుంది.

రెండు రోజులకు వెళ్లాను. ఎడమచెవి మామూలుగానే ఉంది. కుడిది ఎర్రగా పొంగింది.

"ఏంటండీ, ఒక్క చెవే బూరెలా పొంగింది? ఎవరన్నా మెలేశారా?" అని మరియమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. తెనాలిలో మా బావమరిది కోళ్లఫారంలో సగం నాది. అక్కడ చచ్చిన కోళ్లను పందులకు వేసుకోమని ఆమెకు ఇప్పించింది నేనే. క్షయ ఉందని తెలిస్తే ఫారం మూసేయాలి.

దేవసహాయం కూడా నవ్వలేదు. "నాకు క్షయ వచ్చి తగ్గిందండి. మందులన్నీ మింగాను. ఇది నా నుంచేనా, డాక్టరుగారూ?"

నిజం నా కళ్లముందే వాచి ఉంది.

"అయ్యుండొచ్చు," అన్నాను.

మరియమ్మ చప్పున మనవరాలిని చంకనెత్తుకుంది. "పిల్లదాని దగ్గరికి రామాకయ్యా!"

ఆ వారమే ఆయన బాపట్లలో చెల్లెలి ఇంటి వరండాలోకి మారాడు. జబ్బు పందులను చంపించి పూడ్పించాను. చచ్చిన కోళ్లు పంపడం గుట్టుగా ఆపించాను. కొత్త పందులు బాగా పెరిగాయి. ఆయన వెళ్లాకే రోగం పోయిందని అందరూ నమ్మారు. కఫం పరీక్షలో ఏమీ లేదని తేలినా, ఇంట్లోవాళ్లకు నా మాటే మాట.

భయమా? డబ్బా? డాక్టరే రోగం తెచ్చాడన్న మాట పడలేకా? అయ్యుండొచ్చు అన్నానే గానీ అవుననలేదు కదా అని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ మాట ఆయన చెవిన ఎలా పడుతుందో అనేటప్పుడే నాకు తెలుసు, తెలిసే అన్నాను.

తొంభైలలో బాపట్ల స్టేషన్లో కనిపించాడు. నమస్కారం పెట్టి, నోటికి తువాలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. నాకు అంటుతుందని! అప్పుడైనా చెప్పొచ్చు. రైలొచ్చింది. ఎక్కేశాను.

ఆయన పోయాడని ఈమధ్యే విన్నాను. ఇక క్షమించేవారు లేరు.

ఆ రోగం మా కోళ్లది. దేవసహాయానిది కాదు.

రాశాను.