సగం ఆటకు వేసిన సున్నా

ఐదేళ్ళుగా రెండు సున్నాలను మోస్తున్నాను. సున్నాకు బరువేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. ఇక నావల్ల కాదు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడలేరు. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

నేను హేతువాదిని. ముప్పై ఏళ్ళుగా వ్యాసాలు రాస్తున్నాను, ఊరూరా సభలు పెడుతున్నాను. నంద్యాల నుంచి చాగలమర్రి దాకా నేను నిమ్మకాయ కోసి రక్తం చూపించని బడి లేదు. కోసిన నిమ్మకాయలోంచి ఎర్రగా కారుతుంది. పిల్లలు బిగుసుకుపోతారు, కొందరు దండం కూడా పెడతారు. వాళ్ళను కాసేపు ఆ భయంలోనే ఉంచి, తర్వాత కత్తికి పూసిన మందు సంగతి బయటపెడతాను. పరీక్షించకుండా నమ్మవద్దు, పరీక్షించకుండా కొట్టిపారేయవద్దు అని ముగిస్తాను. ఆ రెండో సగాన్ని నేనెన్నడైనా పాటించానా?

నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కళాశాలవాళ్ళు వీఆర్ ఆటల పోటీ పెట్టారు. కళ్ళకు పెట్టెలాంటి హెడ్‌సెట్ తగిలించుకుంటే చుట్టూ మరో లోకం కనిపిస్తుంది. చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుని అందులో తిరగాలి, తలుపులు తీయాలి, వస్తువులు అందుకోవాలి. అన్నీ విద్యార్థులు చేసిన ఆటలే. మొదటి మూడు స్థానాల్లో గెలిచినవాళ్ళను బెంగళూరులో ఆటలు తయారుచేసే ఒక సంస్థ ఉద్యోగంలోకి తీసుకుంటుందని ముందే ప్రకటించారు. న్యాయనిర్ణేతలం ముగ్గురం. ఆటల గురించి నాకేం తెలుసని పిలిచారు? ఏం తెలుసని నేను వెళ్ళాను? పేరున్నవాణ్ణని పిలిచారు, పేరుందన్న పొగరుతో వెళ్ళాను. మాకిచ్చిన కాగితంలో రెండే గడులు. ఆట సరదాగా ఉందా? ఆడటానికి వీలుగా ఉందా? మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆళ్ళగడ్డ అమ్మాయి ఒకతె, పుష్పలత అనుకుందాం, ఒంటరిగా ఒక ఆట చేసింది. ఆ ఆటలో, దయ్యం పట్టిందని ఒక ఆడమనిషిని ఇంట్లో కట్టేశారు. భూతవైద్యుడు వస్తున్నాడు. ఆడేవాళ్ళు ఆ ఇంట్లో తిరగాలి. ఆ రోజు అన్నిటికన్నా పొడుగాటి వరుస దానికే. ఆడి వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి మళ్ళీ వరుస చివర నిలబడుతున్నారు. సరదా అంటే ఇంకేమిటి? రుజువు కళ్ళెదుటే ఉంది.

మొదట్లోనే ఆట అడిగింది: నిలబడి ఆడతారా, కూర్చుని ఆడతారా? కళ్ళు తిరిగేవాళ్ళు కూర్చోవడం మంచిదని కూడా రాసింది ఆ పిల్ల. నేనేమన్నా ముసలివాణ్ణా? నిలబడ్డాను. ఐదారు నిమిషాలకే కళ్ళు తిరిగాయి. అప్పుడే ఒక గది తలుపు తెరుచుకుంది, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి చేతులు చాచి నా మీదికి వచ్చింది. నేను చేతులు జోడించి "నరసింహా, కాపాడు తండ్రీ" అని అరిచాను.

అవును, నేనే. శ్మశానంలో ఒంటరిగా పడుకుంటానని సవాళ్ళు విసిరినవాణ్ణి. చిన్నప్పుడు అహోబిలం మెట్లు ఎక్కిస్తూ మా అవ్వ నోట్లో పెట్టిన మాట అది. అదింకా లోపలే ఉందని నాకే తెలియదు.

హెడ్‌సెట్ పీకేసరికి హాలంతా నవ్వుతోంది. వరుసలోంచి ఒకడు అన్నాడు: "ఏమప్పా, ఇంతకీ దేవుడు ఉన్నట్టా లేనట్టా? ఏదో ఒకటి సెప్పు, మేం ఇండ్లకు పోవల్ల."

పుష్పలత నవ్వలేదు. మంచినీళ్ళు తెచ్చింది. "కూసోండి సార్, కుర్చీ ఏస్తా. కూసోని ఆడితే కండ్లు తిరగవు."

"అక్కర్లే. సూసినాలే."

"సగం గూడా కాల్యా సార్. ఆ గది దాటినాంకనే అసలు సంగతి ఉండాది."

"కుండలో ఒక మెతుకు పట్టి సూస్తే సాలదా? దయ్యాలను సూపిచ్చి జనాన్ని భయపెట్టేదానికా మిమ్మల్ని సదివిచ్చేది?"

ఆమె నా కళ్ళలోకి చూసింది. "నేను ఏడులో ఉన్నెప్పుడు మా బడికి వచ్చినారు సార్ మీరు. నిమ్మకాయ కోసినారు. మేం ఆడికే లేసి పోయింటే, మాకు మీరు గూడా మంత్రగాడే గదా?"

"మాటలు బాగానే నేర్చినావు" అన్నాను. నీళ్ళు తాగలేదు. సరదా గడిలో సున్నా, వీలు గడిలో సున్నా వేశాను. మిగతా ఇద్దరూ మంచి మార్కులే వేశారట. నా సున్నాలు ఆమెను నాలుగో స్థానానికి దించేశాయి.

అక్కడితో ఆగానా? మూఢనమ్మకాలకు కంప్యూటరు ముసుగు తొడుగుతున్నారని ఒక పత్రికకు వ్యాసం రాశాను. అందులో ఆ ఆట పేరు కూడా రాశాను. మావాళ్ళు మెచ్చుకున్నారు. మీరు పూర్తిగా ఆడారా అని ఒక్కరూ అడగలేదు. హేతువాదులం మరి. ఒకరి మాట ఒకరం గుడ్డిగా నమ్ముతాం.

నెల తర్వాత, నాతోపాటు న్యాయనిర్ణేతగా ఉన్న అధ్యాపకుడు తన ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి ఆ ఆట ఆడించాడు. కళ్ళు తిరగలేదు. ఆ ఆడమనిషి మళ్ళీ వచ్చింది. ఈసారి సరిగ్గా చూశాను. చాచిన ఆ రెండు చేతులకూ తాడు ఉంది. ఆమె వచ్చింది కట్లు విప్పమని. విప్పాక ఇల్లంతా వెతికి భూతవైద్యుడి మోసాలను మనమే పట్టుకోవాలి. సామాన్లు కదిలించే తీగ, నిమ్మకాయ గెంతేలా పాదరసం పోయడానికి పెట్టిన రంధ్రం, కత్తికి పూసిన మందు. ఒక్కొక్కటి దొరికేకొద్దీ ఆమె ముఖం తేటపడుతుంది. నేను ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే, నాకన్నా బాగా చేసింది పుష్పలత. రెండుసార్లు నవ్వాను కూడా. చివర ఒక వాక్యం వచ్చింది: "మా చిన్నమ్మకు. ఆమెను కొట్టినప్పుడు నాకు ఆరేళ్ళు."

మర్నాడే పత్రికకు దిద్దుబాటు రాసి ఉండాల్సింది. ఆ బెంగళూరు సంస్థకు ఫోన్ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. రాస్తే ఎందుకు సగంలో లేచావని అడుగుతారు. అడిగితే నా నోటినుంచి ఏ మాట వచ్చిందో చెప్పాలి. అంతే, ఇంకే కారణమూ లేదు. సిద్ధాంతం కాదు, సమాజహితం కాదు. ఇంకో నీచం కూడా ఉంది. ఇప్పుడు నా సభల్లో గుట్టు నేను చెప్పను, పిల్లల చేతనే వెతికిస్తాను. చప్పట్లు కొడతారు. ఆ పద్ధతి ఎవరిదో నేనెక్కడా చెప్పలేదు.

పుష్పలత ఇప్పుడు ఆళ్ళగడ్డలో ఒక జిరాక్స్ అంగడిలో పనిచేస్తోందని విన్నాను. వాళ్ళ నాయన నా వ్యాసం ముందు పెట్టి, ఇంత పెద్దమనిషే రాసినాక ఇంకేముందని ఆటల పని మాన్పించాడట. భూతవైద్యుడు వాళ్ళ చిన్నమ్మను వేపమండలతో కొట్టాడు. నేను ఈ పిల్లను కొట్టాను. నాకు వేపమండలు కూడా అవసరం కాలేదు.

ఆ ఆట సరదాగా ఉంది. ఆడటానికి వీలుగా ఉంది. నేను భయపడ్డాను. నన్ను చూసి నవ్వారని ఒక పిల్ల కష్టాన్ని తొక్కాను. నన్ను క్షమించమని ఆమెను అడగను. నా పశ్చాత్తాపాన్ని ఆమె ఏం చేసుకుంటుంది? దీనికింద పేరు పెట్టాలని మూడుసార్లు కలం ఎత్తాను. చెయ్యి రాలేదు. అయినా రాసేశాను. ఛాతీలో ఏదో కొంచెం వదులయింది. అలా వదులయినందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.