ఐనో కివెలా శనివారం పొయ్యి

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో ఐనో కివెలాకు ముక్కు మీద కోపం ఉన్న ముసలాడని పేరు. వయసులో ఉన్నన్నాళ్లూ దుంగల లారీ తోలాడు. ఇంటికి వచ్చీపోయేవాళ్లంతా ఆయన భార్య లెంపీ కోసం వచ్చినవాళ్లే. ఎండాకాలంలో ఆవిడ పోయింది. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. రమ్మని పిలిస్తే కదా, మహానుభావుడు!

ఏటా మంచు పడగానే పక్కింటి పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెంపీ చలికి తిండి దొరకని పిట్టలకు గింజలు కలిపి కొవ్వుముద్దలు చేసేది. ఈసారి ఆ పిల్లలిద్దరూ, బ్రిన్, దాని తమ్ముడు కోడీ, ఎవరూ పిలవకుండానే శనివారం పొద్దున్నే వచ్చి తలుపు బాదారు.

"తాతా, కొవ్వు తెచ్చావా?" అంది బ్రిన్.

"ఏం కొవ్వే?"

"పిట్టలకి! అవ్వయితే ఈపాటికి కరిగించేసేది."

ఐనో గొణుక్కుంటూనే మాంసం కొట్టుకు వెళ్లి గొడ్డుకొవ్వు తెచ్చాడు. పొయ్యి మీద కరిగించాడు. పిల్లలు పొద్దుతిరుగుడు గింజలు, ఓట్సు కలిపారు. ఆయన అల్మారాలోంచి వేరుశనగల డబ్బా తీస్తే బ్రిన్ కసిరింది.

"అవి ఉప్పువి తాతా! పిట్టల్ని చంపుతావా ఏంటి?"

"అబ్బో, పెద్ద వంటమనిషి బయల్దేరింది!"

దారాలు వేలాడేసి కాగితం కప్పుల్లో పోశారు. ఇక గట్టిపడాలి. వంటింట్లో వెచ్చదనం, బయట పెడితే ఉడతలు బతకనివ్వవు. పెరట్లో ఆవిరిస్నానాల గది ఉంది. లెంపీ పోయినప్పటి నుంచి అందులో నిప్పు లేదు, మంచుగడ్డలా ఉంది. కప్పులన్నీ అక్కడి పైబల్ల మీద పేర్చారు.

"రేపు చర్చి అయ్యాక వచ్చి నీ చెట్టుకి కడతాం. తర్వాత రోజూ వస్తాం తాతా, పిట్టలొచ్చాయో లేదో చూడ్డానికి" అన్నాడు కోడీ.

రోజూ! ఐనోకు ప్రాణం లేచొచ్చింది. ఆ పూటంతా ఏదో కూనిరాగం తీస్తూ ఇల్లు ఊడ్చాడు.

ఫిన్లాండు నుంచి వచ్చి స్థిరపడ్డ మా వాళ్ల ఇళ్లలో శనివారం చీకటి పడుతుంటే ప్రతి పెరట్లోనూ ఆవిరిగది పొగ లేస్తుంది. అది చెప్పి చేసే పని కాదు, చేతులే చేసుకుపోతాయి. ఐనో చేతులూ అదే చేశాయి, పైబల్ల మీది కప్పుల సంగతే గుర్తులేదు. అక్కడి పొయ్యిలో బర్చి చెట్టు కట్టెలు పేర్చి నిప్పంటించి, బకెట్లు నింపి, తువ్వాళ్లు తగిలించి, గది వేడెక్కేదాకా ఇంట్లో కూర్చున్నాడు. మళ్లీ వెళ్లి తలుపు తీస్తే కొవ్వు వాసన గుప్పుమంది. కప్పులు చితికిపోయాయి. కొవ్వంతా బల్లల సందుల్లోంచి కారి నేల మీద గింజలతో కలిసి మడుగు కట్టింది.

కొంప మునిగిందనుకున్నాడు. పోయిన కొవ్వు గురించి కాదు. ఈ ముసలాడి దగ్గరికి ఇక రావద్దనుకుంటారేమోనని భయం.

మర్నాడు పిల్లలు వచ్చారు. ఐనో దాచకుండా చెప్పేశాడు. కోడీ ఘొల్లుమన్నాడు.

"ఎందుకు వెలిగించావ్?" అని నిలదీసింది బ్రిన్.

"శనివారం కదే."

"పోయిన శనివారం వెలిగించలేదుగా! మా కిటికీలోంచి చూస్తాగా, పొగే రావట్లేదు."

కసరబోయి ఆగాడు ఐనో.

"పోయిన శనివారం ఇంట్లో మాటా పలుకూ లేదమ్మా. నిన్న మీరొచ్చి గోల చేశారు. మీ అవ్వ ఉన్నట్టే అనిపించింది. తనకీ తువ్వాలు తగిలించా."

బ్రిన్ వెళ్లి గరిటె తెచ్చి గడ్డకట్టిన కొవ్వును గీకడం మొదలెట్టింది. ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుని గీకి, మళ్లీ కరిగించి, కొత్త కప్పుల్లో పోశారు. వెళ్లేటప్పుడు బ్రిన్ ఆ కప్పులన్నీ పళ్లెంలో సర్దుకుంది.

"మా షెడ్డులో పెట్టుకుంటాం తాతా. మా చెట్టుకే కట్టుకుంటాం. నువ్వు శనివారం శనివారం హాయిగా వెలిగించుకో, సరేనా?"

వద్దే, ఇక్కడే పెట్టండి, పొయ్యి లేకపోతే పీడాపోయె అనాలని ఎంతో అనిపించింది.

"సరేలే" అన్నాడు.

ఆ వారమంతా చికడీలనే చిన్న పిట్టలు పక్కింటి చెట్టు మీదే గుమిగూడాయి, వాటిని చూస్తూ పిల్లలూ అక్కడే ఉండిపోయారు. శనివారం చీకటి పడుతుంటే బ్రిన్ కిటికీలోంచి చూసి, "అమ్మా, తాత పొయ్యి వెలిగించాడు!" అని చప్పట్లు కొట్టిందట. ఐనో ఆవిరిగది లోపల కిందిబల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.