ఏడు ఊళ్ల జట్టు

పక్క గోడౌనుకు వెల్ల వేయిస్తున్నారు. బెజవాడ వన్ టౌన్‌లో ఇప్పుడు సున్నం జోలికి పోయేవాళ్లెవరు, అందరూ డబ్బాల్లో వచ్చే రంగులే గదా అనుకుంటూ ఉంటే, ఆ షావుకారు గారు నిన్న పొద్దున్నే సున్నం బస్తాలు దింపించి డ్రమ్ములో నీళ్లు పోయించారు. అది కుతకుతలాడి ఉడికింది. ఆ ఆవిరి మెట్ల మీదుగా పైకెక్కి నేను అద్దెకుంటున్న గదిలోకి వచ్చింది. ఉడికిన సున్నం వాసన నాకు గోడల్ని గుర్తుచేయదు. వాన వెలిసిన తడి నేల మీద తెల్లగా గీసిన గీతల్ని, ఆ గీతల మధ్య వరసగా కూర్చున్న ఆడపిల్లల్ని గుర్తుచేస్తుంది.

బాల్యం గురించి రాయమంటే చదువుకున్నవాళ్లు తమ ఐదో ఏటి నుంచి మొదలెడతారు. నాకు ఆ వసతి లేదు. ఐదో ఏట గేదెల వెనక తిరిగాను, పదో ఏట రైసుమిల్లులో తవుడు ఎత్తాను. అక్షరాలంటారా, ఇరవై దాటాక, బెజవాడలో కొబ్బరితాళ్ల కొట్లో సరుకు కట్టే పనికి కుదిరాక, కొట్ల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నవి. నాకు బాల్యం దొరికింది నలభై దాటాక. తొంభైల్లో, మా అమ్మాయి నాగమణి చదివిన హైస్కూలు ఆటస్థలంలో దొరికింది. ఆలస్యంగా చేతికొచ్చింది కాబట్టే కాబోలు, ఒక్క చుక్క కూడా ఒలికిపోనివ్వకుండా దాచుకున్నాను.

అప్పట్లో మేం బందరు కాలువ గట్టు మీది ఊళ్లో ఉండేవాళ్లం. నేను రోజూ బస్సులో బెజవాడ వచ్చి పోయేవాణ్ణి. కాలువ పొడవునా ఉన్న ఏడు ఊళ్ల హైస్కూళ్లు కలిపి ఒక జోను. నాట్లు అయిపోయి, చేలు పచ్చగా నిలదొక్కుకుని, కాలువ నీళ్లు ఎర్రమట్టి రంగు మార్చుకుని కాస్త తేటపడే రోజుల్లో, దసరా సెలవులకు ముందు జోను ఆటలు జరిగేవి. ఏటా ఒక ఊరి వంతు. వంతు వచ్చిన ఊళ్లో ముందురోజు నుంచే సందడి. నిలిచిన వాననీళ్లు తోడిపోసేవాళ్లు కొందరు, ఊక తెచ్చి బురద మీద చల్లేవాళ్లు కొందరు, ఖోఖో స్తంభాలు పాతి వాటికి పేలికలు చుట్టేవాళ్లు కొందరు. బడి వెనకాల గాడిపొయ్యి తవ్వి, గంగాళాల్లో పులిహోర కలిపి, కుండల్లో మజ్జిగలో కరివేపాకూ అల్లమూ వేసి, గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ ఒకే పంక్తిలో విస్తళ్లు వేసేవాళ్లు. పొద్దున్నే ఓడిపోయిన జట్టు కూడా సాయంత్రం దాకా కదిలేది కాదు. ఎందుకు కదులుతుంది, అసలు సంగతి సాయంత్రమే గదా.

అసలు సంగతి ఏమిటంటే, జిల్లా ఆటలకు గెలిచిన బడి జట్టు వెళ్లేది కాదు. ఏడు ఊళ్ల పిల్లల్లో మంచివాళ్లను ఏరి ఒకే జట్టు కట్టి పంపేవాళ్లు. ఏరడానికి ఒక కట్టుబాటు ఉండేది. ఏడుగురు డ్రిల్లు మాస్టార్లూ బడి వసారాలో బల్ల మీద కూర్చునేవాళ్లు, పిల్లలూ ఊరి జనమూ ఎదురుగా నేల మీద కూర్చునేవాళ్లు. ఏ మాస్టారూ తన బడి పిల్ల పేరు తాను చెప్పకూడదు. పక్క బడి మాస్టారు చెప్పాలి. దానివల్ల ప్రతి మాస్టారూ రోజంతా తన పిల్లల్ని వదిలేసి పరాయి పిల్లల్ని కళ్లప్పగించి చూడాల్సి వచ్చేది. ఏ పెద్ద చదువులవాడు పెట్టాడో ఆ కట్టుబాటు నాకు తెలియదు గానీ, తరవాత నేను చూసిన రూల్సు పుస్తకాలన్నింటిలో అంత బుద్ధి గల మాట ఒక్కటి కనపడలేదు.

ఏరిన పిల్లలు దసరా సెలవులయ్యాక ఆ ఏడాది వంతు వచ్చిన ఊళ్లోనే ఉండి, కలిసి సాధన చేసేవాళ్లు. ఇంటికి ఒకరిద్దరు చొప్పున పంచుకునేవాళ్లం. మణి ఎనిమిదిలో ఉండగా వంతు మా ఊరిది. మణిని ఇంకా జట్టుకు ఏరలేదు గానీ, మా ఇంటికి కుమారి అనే పిల్లను ఇచ్చారు. కాలువ దిగువ ఊరు వాళ్లది. చేపల వ్యాపారం చేసే ఇల్లు, మాటకారి పిల్ల. అదే వారంలో అట్లతద్ది వచ్చింది. తెల్లవారకముందే మా ఆవిడ ఇద్దర్నీ లేపి, గోంగూర పచ్చడీ, ఉల్లిపాయ పులుసూ, గడ్డపెరుగూ వేసి అన్నం పెట్టింది. కుమారి కళ్లు నులుముకుంటూనే అంది, "పిన్నీ, మీ మణి ఇట్టా తింటే పోలు కాడ వంగలేదు, నా పళ్లెంలో సగమన్నా నాకు ఉంచమనండి." మణి ఊరుకుంటుందా. "నువ్వు వంగినా ఎవురూ దొరకరు గానీ తిను," అంది. ఆ వెలుగు రాని వీధిలో ఏడు ఊళ్ల పిల్లలూ పరికిణీలు ఎగదోపుకుని అరుచుకుంటూ ఆడుతుంటే, నేను అరుగు మీద కూర్చుని చూశాను. సాయంత్రం అట్లు. కుమారి ఎన్ని తిందో లెక్కపెట్టడం మానేశాం.

ఆ తరవాతి ఏడు కుమారి వాళ్ల మాస్టారే బల్ల మీద నుంచి లేచి, "కాలువ గట్టు బడి నాగమణి," అన్నారు. మా బడి మొదటి ఆటలోనే ఓడిపోయింది, అయినా అన్నారు. మా ఊరిది చిన్న బడి. ఖోఖోకు తొమ్మిదిమంది కావాలి, మాకు వెతికి వెతికి తొమ్మిదిమందే ఉండేవాళ్లు. అందులో ఒక పిల్ల పరిగెత్తమంటే నవ్వేది. కానీ మణి స్తంభం పట్టుకుని ఒళ్లంతా గాల్లో చాచి వేలికొసతో అవతలి పిల్లను తాకిందంటే, చూసేవాళ్లు తాము కూడా ముందుకు వంగేవాళ్లు. ఆ ఏడు జిల్లా ఆటల్లో మణి బయటే కూర్చుంది, దింపలేదు. ఇంటికొచ్చి, "పదిలో నేనే కెప్టెన్నంట నాన్నా, కుమారి వాళ్ల మాస్టారు చెప్పారు," అంది. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఆ మాట మీదే పొద్దు గడిచింది.

మణి పదిలోకి వచ్చిన ఏడు జోన్లు మార్చారు. చుట్టుపక్కల జోన్లన్నీ తీసేసి బెజవాడతో కలిపి ఒకే పెద్ద జోను చేశారు. మాస్టార్ల బల్ల పోయి కమిటీ వచ్చింది. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు, వాళ్లకొక ఆఫీసు. ఇకనుంచి ఏరడాలు లేవు, గెలిచిన బడి జట్టే జిల్లాకు వెళుతుందన్నారు. దీనికి చెయ్యెత్తినవాళ్లలో మా ప్రకాశరావు మాస్టారు కూడా ఉన్నారు. మణికి ఖోఖో నేర్పిన డ్రిల్లు మాస్టారే ఆయన. నేను బస్టాపులో పట్టుకుని అడిగితే తల దించుకోలేదు.

"ఏటా అదే గొడవ గదండీ. నా పిల్ల పేరు నువ్వు చెప్పు, నీ పిల్ల పేరు నేను చెబుతానని లోపాయికారీగా మాట్లాడుకునేవాళ్లు లేరనుకుంటున్నారా? నా ముఖానే అన్నారు. ఇప్పుడైతే గెలిచినవాడు పోతాడు, వేలెత్తి చూపేది ఏముంది?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఒకటి రెండుసార్లు నేనూ చూశాను. గుమ్మానికి చెద పట్టిందని ఇల్లు పడగొడతామా అని అడగబోయేసరికి బస్సు వచ్చింది.

ఊరుకోలేక ఒక సాయంత్రం కొట్లోంచి తిన్నగా ఆ కమిటీ ఆఫీసుకు వెళ్లాను. చొక్కా నిండా కొబ్బరిపీచు. కార్యదర్శి గారు ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు.

"మీరెవరండీ?"

"ఆడే పిల్ల తండ్రినండి."

"పేరెంట్సు ఏదన్నా చెప్పుకోవాలంటే హెడ్మాస్టరు గారి ద్వారా రావాలండీ."

"వస్తానండి. ఒక్క మాట చెప్పండి చాలు. బడి మొత్తానికి ఒక్క మంచి పిల్ల ఉందనుకోండి. ఆ పిల్ల ఎక్కడికి పోవాలండి?"

ఆయన కోప్పడలేదు. నిజంగా నా మంచి కోరినట్టే నవ్వి, "మంచి బడిలో చేర్పించండి," అన్నారు.

ఆ మాట నిజం కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నెల తిరక్కుండా నగరంలో ఒక పెద్ద హాస్టల్ బడి తరఫున ఒకాయన స్కూటరు మీద మా ఊరొచ్చాడు. ఫీజు లేదు, తిండీ బట్టా వాళ్లవే, మణి వాళ్ల జట్టులో ఆడితే చాలు. కుమారి అప్పటికే చేరిపోయిందని కూడా చెప్పాడు. ప్రకాశరావు మాస్టారు కూడా వెళ్లమనే అన్నారు. మణి వెళితే మా బడికి మిగిలేది ఎనిమిదిమంది. ఎనిమిదిమందితో జట్టు లేదు. ఇంట్లో మేము నీ ఇష్టమన్నాం. ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలి. ఆదివారం సాయంత్రం మణి కాలువలో పళ్లాలు తోముకొచ్చి బోర్లించి, "నేను వెళ్లను," అంది. కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు.

కొత్త జోను ఆటలు బెజవాడలో ఒక పెద్ద స్టేడియంలో పెట్టారు. గీతలు మిషనుతో గీశారు, వంకర లేకుండా బ్రహ్మాండంగా ఉన్నాయి. మొదటి ఆటే ఆ హాస్టల్ బడితో పడింది. వాళ్ల పిల్లలందరికీ ఒకే రంగు బనియన్లు, ఒకే రకం బూట్లు. వాళ్లలో కుమారి కూడా ఉంది, జుట్టు కత్తిరించేశారు. మణి తన వంతులో నలుగుర్ని పట్టింది. మిగతా ఎనిమిదిమందీ కలిసి ఒక్కర్నీ పట్టలేదు. ఎండ ఎక్కకముందే ఆట అయిపోయింది. ఓడినవాళ్లు గేటు బయటికి వెళ్లాలని మైకులో చెప్పారు, అవతలి ఆటకు స్థలం కావాలంట.

కుమారి మా వైపు పరిగెత్తుకొచ్చింది. మణి చెయ్యి పట్టుకుని, "ఏందే, అట్టా చిక్కిపోయావు," అనేలోపే వాళ్ల కోచ్ విజిల్ వేశాడు. "టీమ్‌తో ఉండమ్మా." కుమారి వెళ్లిపోయింది. వెళుతూ వెనక్కి చూసింది గానీ, ఆ ఒకే రంగు బనియన్లలో ఎవరు ఎవరో తరవాత నాకు తెలియలేదు.

తిరుగు బస్సులో పిల్లలు జామకాయలు తిన్నారు. మణి కిటికీ పక్కన కూర్చుంది. కంకిపాడు దాటాక అంది, "మజ్జాన్నం అన్నానికి ఇంటికెళ్లిపోవచ్చు నాన్నా." ఏడుస్తుందేమోనని చూశాను. లేదు. అది నిజంగానే టైము చూసుకుని చెప్పిన మాట.

రెండువేలు దాటాక ఆ జోన్లను ఇంకోసారి మార్చారు, మళ్లీ మార్చారు. ప్రతిసారీ పేపర్లో కమిటీ వాళ్ల ఫొటోలు వేశారు. మా ఊరి బడిలో ఇప్పుడు ఆడపిల్లల జట్టు లేదు. ఆటస్థలంలో సగం నీళ్ల ట్యాంకు కట్టారు, మిగతా సగంలో ముళ్లతుప్పలు. ప్రకాశరావు మాస్టారు పోయారు. మా ఆవిడ పోయాక నేను ఈ గదికి వచ్చేశాను. ఆ కట్టుబాటు గురించి ఎవరికన్నా చెబితే, అట్లా కూడా ఉండేదా అని వింతగా చూసి, ఫోనులోకి తల వంచుకుంటారు.

మణి కొండపల్లిలో ఉంటుంది, అల్లుడు థర్మల్ స్టేషన్లో పని. నిన్న చూడ్డానికి వచ్చింది. సాయంత్రం దాన్ని బస్సెక్కించడానికి వెళ్లి నిలబడ్డప్పుడు, ఇన్నేళ్లలో అడగని మాట అడిగాను. ఆ రోజు ఎందుకు వెళ్లనన్నావే అని.

"ఇంకా అదేనా నాన్నా," అని నవ్వింది. అప్పుడు చెప్పింది. "బ్యాగు సర్దుకున్నా. మన బడి పిల్లలు ఒక్కళ్లన్నా వచ్చి ఉండవే అంటారేమోనని చూశా. ఎవ్వరూ రాలేదు. వాళ్లొచ్చి అడిగుంటే, కసురుకుని పోయేదాన్నే. అడక్కపోయేసరికి కాళ్లు రాలా."

బస్సు వచ్చింది. ఎక్కి, సీటు దొరికిందని కిటికీలోంచి చెయ్యి ఊపింది.

నా పక్కన ఆటల బట్టల్లో నలుగురు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు, భుజాలకు సంచులు, వీపుల మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఎక్కడో ఆడి వస్తున్నట్టున్నారు, మోకాళ్లకు మట్టి ఉంది. ఒక పిల్లను అడిగాను, ఏ ఊరమ్మా మీది అని.

వాళ్ల బడి పేరు చెప్పింది.

"అది కాదమ్మా, ఊరు."

ఆ పిల్ల పక్క పిల్ల వైపు చూసి, మర్యాదగానే చెప్పింది. "సెకండ్ బ్రాంచ్ అండి."