వీధికొక దుకాణం

ఆ సబ్బుల గోదాముకున్న ఇద్దరు బండి డ్రైవర్లలో ఆయనే పెద్దవాడు. ఒక దుకాణానికి నాలుగు సబ్బులు, పక్కదానికి రెండు. అంత కొద్దిపాటి సరుకు కోసం గుమ్మం గుమ్మానికీ ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాక, ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. వీధి మొత్తానికి రావలసిన సరుకును మొదటి దుకాణంలోనే దించి, ఒక్కొక్క సంచికి పేరు చీటీ కట్టేవాడు. తక్కినవారు నడిచివచ్చి ఎవరి సంచి వారు పట్టుకుపోయేవారు.

ఈ సంగతి మేనేజరు చెవిన పడింది. ఆయనను పిలిచి కుర్చీ వేయించాడు.

"బుర్రంటే నీది, బాబాయ్! ఇకమీదట అన్ని వీధుల్లోనూ ఇదే పద్ధతి. రెండు బళ్ల పని ఒక్క బండితో అయిపోతుంది."

ఆయన మురిసిపోయాడు. "మరి రెండో బండి?"

"అమ్మేస్తాం."

"దాని డ్రైవరో?"

మేనేజరు కిటికీ వైపు చూశాడు. "అతనైతే బరువులు మోయగలడు, బాబాయ్. నీకా, మోకాళ్లు..."

ఇంటికి రాగానే భార్య నవ్వుతూ ఎదురొచ్చింది. "పిలిచి మరీ మెచ్చుకున్నారటగా! ఏమిచ్చారేమిటి?"

ఆయన మరునాటి కోసం రాసిపెట్టుకున్న పేరు చీటీలను జేబులోంచి తీసి బల్లమీద పేర్చాడు.

"ఇవి పొద్దున్నే రెండో డ్రైవరుకు ఇచ్చి రావాలి. రేపటినుంచి నా వీధులు కూడా అతనివే. పాపం, ఏ సంచి ఎవరిదో అతనికి తెలియదు."