తాబేలుకు గుట్ట దిక్కు తెలియదు

1994. ఆర్మూర్ పసుపు మార్కెట్‌కు దగ్గర్లో ఒక చిన్న ప్రైవేటు బడి. డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఆ బడిలో టీచర్‌గా చేరాను. బడికంతటికీ ఒకటే కంప్యూటర్. పచ్చ పరదా వేసిన గదిలో, గుడ్డ కప్పుకుని ఉండేది. చెప్పులు బయట విడిచి పిల్లలు గుసగుసలాడుకుంటూ లోపలికి వచ్చేవారు. బయట పసుపు ఉడుకుతున్న వాసన. కిటికీలోంచి వచ్చిన దుమ్ము మధ్యాహ్నానికల్లా తెర మీద సన్నటి పసుపు పొరలా పేరుకునేది. ఆ పొర వెనకాల తెల్లటి గీతలు నీళ్లలో కదిలినట్టు కనిపించేవి.

నాలుగో తరగతికి లోగో అనే కంప్యూటర్ భాష నేర్పేదాన్ని. తెర మీద చిన్న త్రికోణం ఉంటుంది, దాన్ని తాబేలు అంటారు. ‘ఫార్వర్డ్ 50’ అని కొడితే ముందుకు నడుస్తుంది. ‘రైట్ 90’ అంటే తన కుడికి, ‘లెఫ్ట్ 90’ అంటే తన ఎడమకు మళ్లుతుంది. నడిచిన దారంతా గీత మిగులుతుంది. ఇలాంటి ఆజ్ఞలను వరుసగా పేరిస్తే అదే ప్రోగ్రాం.

ఆ తరగతిలో సుజాత అనే పిల్ల ఉండేది. తల్లి బీడీలు చుట్టేది. తండ్రి దుబాయిలో పని, అప్పుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు.

“మా నాయిన ఆదివారం మళ్ల పోతడు టీచర్. పోయేలోపు నేను గీసిన ఇల్లు చూపియ్యాలె,” అంది. ఆయనను శనివారం బడికి తీసుకురమ్మన్నాను.

కానీ ఇల్లు కుదరలేదు. ఒక గోడ పైకి లేచేది, పైన అడ్డగీత పడేది, రెండో గోడ కిందికి దిగేది. ఇక అడుగు గీత గీసి మూసేయాలి. అక్కడికి రాగానే సుజాత ‘లెఫ్ట్’ కొట్టేది. తాబేలు ఇంటిని విడిచి బయటికి వెళ్లిపోయేది.

“సుజాత తాబేలు ఇంట్ల ఉండదు, మార్కెట్లకే ఉరుకుతది,” అని రమేశ్ నవ్వేవాడు.

“నీది పోయి నీ లెక్క గోడకు తాకుతది తియ్,” అనేది సుజాత.

బోర్డు మీద ఎంత చెప్పినా మళ్లీ అదే తప్పు. శుక్రవారం కూడా అంతే. ఇంతలో కరెంటు పోయింది. నల్లబడిన తెర ముందు ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

“అక్కడ లెఫ్ట్ ఎందుకు కొడుతున్నవ్ బిడ్డా?” అని అడిగాను.

“గుట్ట దిక్కు పోవాలె గద టీచర్. గుట్ట గిటు దిక్కే ఉన్నది,” అని ఎడమ చేత్తో కిటికీ బయట రాళ్లగుట్టను చూపింది.

అప్పుడు అర్థమైంది. మా ఆర్మూర్‌లో కుడి, ఎడమ అని ఎవరూ అనరు. పీట మీద కూర్చున్న మనిషిని కూడా “జర గుట్ట దిక్కు జరుగు” అంటారు. నా పెళ్లి ఫోటో తీసేటప్పుడు కూడా మా అమ్మ నన్ను అలాగే జరిపింది. సుజాతకు లెఫ్ట్ అంటే గుట్ట దిక్కు, రైట్ అంటే మార్కెట్ దిక్కు. తాబేలు పైకి చూసినంతసేపూ ఆ లెక్క సరిపోయింది. కిందికి తిరిగాక దాని చేతులు తారుమారయ్యాయి.

అందరినీ బడి వెనుక కల్లానికి తీసుకెళ్లాను. ఎండిన పసుపు ఎత్తేశారు, నేలంతా మెత్తటి పసుపు దుమ్ము. సుజాతను తాబేలు అవమన్నాను. పిల్లలు ఆజ్ఞలు ఇస్తుంటే ఉట్టి కాళ్లతో నడిచింది. వెనుక పాదాల గీత. మూడో మూల దగ్గర ఆగి గుట్ట వైపు చూసింది.

“తాబేలుకు గుట్ట ఎరుకలేదు బిడ్డా. దాని చేతులే దానికి ఎరుక,” అన్నాను.

సుజాత కళ్లు మూసుకుంది. గాలికి పసుపు లేచి ఆ పిల్ల చుట్టూ తిరిగింది.

“టీచర్, తాబేలు నిద్రపోయింది,” అన్నాడు రమేశ్.

అప్పుడు మెల్లగా బువ్వ తినే చెయ్యి ఎత్తి, ఆ చేతి వైపే తిరిగి నడిచింది. మొదలుపెట్టిన చోటికి వచ్చి కళ్లు తెరిచింది.

“నేను బయటికెల్లి చూసిన టీచర్. దాని లోపలికెల్లి చూడాలె,” అంది.

శనివారం తండ్రి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కట్టుకున్న చేతులు. మూడో మూల దగ్గర సుజాత వేళ్లు ఆగాయి. కళ్లు మూసి, కుడి చెయ్యి కాస్త ఎత్తి, ‘రైట్ 90’ కొట్టింది. ఇల్లు మూసుకుంది.

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. “మంచిగున్నది. దర్వాజ ఏది బిడ్డా?”

“నువ్వు మళ్లొచ్చినంక పెడ్త నాయినా.”

ఆయన నవ్వబోయి, కిటికీ వైపు తిరిగాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. నా పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. రెండేళ్లు నిండవస్తున్నా పాపకు మాట రాలేదు. అత్తమ్మ “ఫికర్ చెయ్యకు” అంటుంది గానీ నాకు నిద్ర పట్టదు. రోజూ ఎదురుగా కూర్చుని “అమ్మ అను, అమ్మ అను” అని బతిమాలుతుంటాను. పిల్లకు ఏదైనా నేర్పాలంటే ముందు ఆ పిల్ల నిలబడ్డ చోట నిలబడి, తను చూసే వైపు చూడాలని సుజాత నేర్పింది. నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి అది మరిచిపోయాను.

ఈ సాయంత్రం పాప గడప మీద కూర్చుంటే, వెళ్లి పక్కనే కూర్చున్నాను. తను చూసే వైపే చూశాను. వీధిలో ఒక మేక పోతోంది. పాప వేలు చూపింది. నేనూ చూపాను. మేక మలుపు తిరిగేదాకా ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.