అమ్మమ్మ అడిగిన నిమ్మకాయలు

నా చిన్నప్పుడు మా పక్కింటి టీచరమ్మతో ఒక మాట అన్నాను. అప్పటికి నాకు ఏడేళ్ళు, ఇప్పుడు అరవై ఎనిమిది. ఆ సంగతి మరిచిపోయాననే అనుకుంటూ బతికేశాను. మొన్న క్రిస్మస్‌కి ఫ్రాన్సులో, పాతికమంది చుట్టాలు కూర్చున్న భోజనాల బల్ల దగ్గర చేసిన నిర్వాకానికి అదంతా మళ్ళీ గుర్తొచ్చింది.

నేను హాంబర్గ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడు జర్మన్, వాళ్ళమ్మది ఫ్రాన్సు. ఆవిడ పుట్టింటివాళ్ళు తరతరాలుగా ద్రాక్షతోటలవాళ్ళు, తమ పంటతో తామే వైన్ చేస్తారు. ఏటా క్రిస్మస్‌కి ఆ ఇంటి సంతానమంతా ఎక్కడున్నా అక్కడికి చేరాల్సిందే. నేను మోకాళ్ళ నొప్పులని చెప్పి ఎప్పుడూ తప్పించుకునేదాన్ని. ఈసారి అమ్మాయి ఊరుకోలేదు. ఇద్దరికీ ఒకేసారి ఉర్లాబ్, అదే ఆఫీసు సెలవు, దొరికింది, నిన్నొక్కదాన్నీ ఈ వానలో వదిలేసి ఎలా పోతాం అంది. పదకొండు గంటలు కారులో కూర్చుని దిగేసరికి కాళ్ళు నా స్వాధీనంలో లేవు. దిగీ దిగగానే ఒకరి తర్వాత ఒకరు వచ్చి రెండు బుగ్గలకూ ముద్దులు. ఓరి నాయనో, అందరికీ కలిపి ఒక్క దణ్ణం పెట్టేసి పక్కకు తప్పుకుంటే ఎంత హాయి అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనానికి కూర్చున్నాం. నాలుగవుతున్నా ఎవరూ లేవరు. ఒక వంటకం తింటారు, కబుర్లు చెప్పుకుంటారు, ఇంకొకటి వస్తుంది. మాంసం ముట్టని నాకు రొట్టె, చీజ్, ఉడికించిన బంగాళాదుంపలు. ఒక్క ముక్క అర్థం కాక, నవ్వడమే పనిగా నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి. అప్పుడు ఆ ఇంటి పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. మా అల్లుడికి అమ్మ తరఫు తాతయ్య, ఎనభై ఆరేళ్ళ మనిషి. చేతిలో ఒక సీసా ఉంది. మా అమ్మాయి పెళ్ళయిన ఏడాది చేసి, నేను వచ్చే రోజు కోసమని పదేళ్ళుగా నేలమాళిగలో దాచిన వైన్ అట. అందరూ మాటలు ఆపి చూస్తున్నారు. ఆయన నా గ్లాసులోకి సీసా వంచారు.

మన భోజనాల్లో ఇంక చాలు అనడానికి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడతాం కదా, నేనూ అలవాటుగా గ్లాసు మీద అదే పని చేశాను. వైన్ నా చేతుల మీద పడి తెల్లటి బల్లగుడ్డ మీదకి కారింది. అక్కడితో ఆగినా బాగుండేది. మందు తాకితేనే మైల అనుకునే మనిషిని, ఛీ అంటూ లేచి, వంటింట్లోకి పరుగెత్తి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దాయన. నేను చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు పట్టుకుని వచ్చి, అంతసేపూ నన్ను చూస్తూ నిలబడ్డారు. తువ్వాలు కుర్చీ మీద వేసి తన గదిలోకి వెళ్ళిపోయారు.

అమ్మాయి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. దాని కళ్ళనిండా నీళ్ళు.

"చెయ్యి అడ్డం పెట్టినందుక్కాదమ్మా, అది పొరపాటేలే అనుకుంటారు. అంత అసహ్యంగా కడుక్కున్నావు చూడు, అది చూశారు తాతయ్యగారు. ఈ ఇంట్లో మొదటి రోజు నుంచి నన్ను సొంత మనవరాలిలా చూసింది ఆయనొక్కరే" అంది.

నేను మేడ మీద గదిలోకి వెళ్ళి మంచం మీద కూలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ మెట్లు దిగే ఓపిక లేదు, అలా అని పడుకోవడానికీ మనసు రాలేదు. టీచరమ్మ ముఖం గుర్తొచ్చింది అప్పుడే.

మా అమ్మమ్మకు మడీ ఆచారం ఎక్కువ. పరాయి ఇంట్లో వండినది మా ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. టీచరమ్మ వాళ్ళు క్రైస్తవులు. ఏటా క్రిస్మస్‌కి పళ్ళెం నిండా అరిసెలు తెచ్చి ఇచ్చేది. అమ్మమ్మ నవ్వుతూ అందుకుని, ఆవిడ అటు వెళ్ళగానే పెరటి దారిన పనిమనిషికి ఇచ్చేసేది. ఒక ఏడు టీచరమ్మ నన్ను పిలిచి అరిసెలు బాగున్నాయా అని అడిగింది. మేమెవరమూ తినం కదా, పనిమనిషికి ఇచ్చేస్తాం అన్నాను. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ ముఖం చూశాక గానీ ఏం చేశానో తెలియలేదు.

సంగతి తెలిసి ఇంట్లో అమ్మ నాకు రెండు తగిలించింది. అమ్మమ్మ మాత్రం అడ్డుపడి, పిల్ల అబద్ధం ఆడలేదు, సిగ్గుపడాల్సింది నేను అంది. నా చెయ్యి పట్టుకుని, ఎన్నడూ లేనిది, టీచరమ్మ ఇంట్లోకి అడుగుపెట్టింది.

"అమ్మాయ్, నీ చేతి వంటలో లోపం లేదు. నాకీ పట్టింపు ఉంది, చచ్చేదాకా వదలదు. లోపం నాది. ఇన్నేళ్ళూ నీకు చెప్పకుండా మోసం చేశాను. వండనిది ఏదైనా పెట్టు, కళ్ళకద్దుకుని తింటాను. మీ చెట్టు నిమ్మకాయలున్నాయిగా, అవి పెట్టు" అంది.

 టీచరమ్మ పెరట్లోకి వెళ్ళి, చెట్టున ఉన్న కాయలన్నీ కోసి నా గౌను నిండా పోసింది. అమ్మమ్మ వాటితో ఊరగాయ పెట్టి సగం ఆవిడకే పంపింది.

ఇదంతా తలుచుకున్నాక ఇంక మంచం మీద కూర్చోలేకపోయాను. రెయిలింగు పట్టుకుని కిందికి దిగి, అమ్మాయిని వెంటబెట్టుకుని పెద్దాయన గది తలుపు తట్టాను. అమ్మమ్మ మాటలే, నా పట్టింపు మందుతో అని మార్చి, మీ తోట పండు ఏదైనా పెట్టండని నావిగా చెప్పుకున్నాను. అమ్మాయి వాటిని ఫ్రెంచిలో చెప్పింది. ఆయన నా చేతుల వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి లేచి, ఎవరు వద్దంటున్నా వినకుండా అటక ఎక్కారు. ద్రాక్ష కోతల్లో మంచి గుత్తులు కొన్ని ఏరి, అటక మీద దారాలకు వేలాడదీసి పండగ దాకా ఉంచుతారట. అందులో ఒక గుత్తి తెచ్చి, కడిగి నా ముందు పెట్టారు. తొక్క ముడతలు పడింది గానీ మహా తీపిగా ఉంది. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక మింగేశాను. నేను తింటున్నంతసేపూ ఆయన ఎదురుగా కూర్చుని, నా కోసం తెరిచిన వైన్ తానే పోసుకుని తాగారు.

అమ్మాయి మళ్ళీ నవ్వింది. అంతా బాగానే అయిందని అందరూ అన్నారు. హాంబర్గ్ తిరిగొచ్చి వారమైంది, నడుం ఇంకా పట్టేసే ఉంది. నాకు మాత్రం చిన్నప్పుడు గమనించని సంగతి ఒకటి ఇప్పుడు మనసులో తిరుగుతోంది. టీచరమ్మ ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కి మాకు నిమ్మకాయలే పంపింది. అరిసెలు మళ్ళీ ఎప్పుడూ తేలేదు. ఆవిడ ఇష్టంగా ఇవ్వాలనుకున్నది మేము పుచ్చుకోనే లేదు. పెద్దాయన పదేళ్ళు దాచిందీ నేను పుచ్చుకోలేదు.

ఈ వయసులో ఇంక పట్టింపు వదులుకోవడం నా వల్ల కాదు, అలిసిపోయాను. కానీ లోపం మీది కాదు నాదని, మెట్లు దిగి వెళ్ళి చెప్పే ఓపిక మాత్రం ఇంకా ఉంది. అది అమ్మమ్మ పెట్టిన భిక్ష.